దక్షిణాఫ్రికాలో ఏలూరి రాయబారి

రాయబారమనగా నేమో మన గోదావరి మండలముల పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. కడియములో జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, యండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును జంటగా రచించిన పాండవ నాటకములు ఆడని తిరునాళ్లు మన ప్రాంతమున ఒకప్పుడు అరుదు. కృష్ణుడు హస్తినాపురమునకు పోయి అయిదూళ్లైన నిమ్మని యడిగిన ఘట్టమును తెల్లవారువరకు కూర్చుండి వినినవారు మీలో ననేకులుందురు. ఏలినవాని మాటను చెడకుండ చేరవేయుట, ఎదుటివాని కొలువును కన్నులార చూచుట, తిరిగివచ్చి కన్నది కన్నట్లు చెప్పుట, ఈ మూడును రాయబారి ధర్మములని ఆ నాటకములే మనకు నేర్పినవి.

అయితే కృష్ణుని మాట వెనుక ఏడక్షౌహిణుల సేన యుండెను. హనుమంతుని మాట వెనుక రామబాణముండెను. వెనుక సేన లేక, స్వతంత్ర రాజ్యము లేక, తన్ను పంపిన దొరతనము సైతము పరాయిదైనపుడు రాయబారి యేమి చేయగలడు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు, ఏలూరు వాస్తవ్యులైన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు 1929 మొదలు 1932 వరకు దక్షిణాఫ్రికాలో సాగించిన రాయబారమును గురించి నేడు మీకు విన్నవించెదను.

ముందుగా మనవారు ఆ దేశమునకు ఎట్లు చేరిరో తెలిసికొందము. సముద్రము దాటుట గోదావరి ప్రాంతమువారికి క్రొత్త గాదు. కోరంగి, కాకినాడ రేవులనుండి రంగమునకు, అనగా రంగూనునకు, పోయి రేవులలోను బియ్యపు మిల్లులలోను పాటుపడి వచ్చినవారు వేలకొలది గలరు. బర్మాలో మనవారికి కోరంగీలను పేరే పడెను. నేటాలు ప్రయాణము అట్టిది గాదు. అది కాగితముపై వ్రేలిముద్ర వేసి పోయిన ప్రయాణము. నేటాలులోని తెల్లదొరలకు చెరకు తోటలలో పనివాండ్రు కావలసివచ్చిరి. 1860 వ సంవత్సరము నవంబరు 16 వ తేదీన ట్రూరో యను నోడ 342 మందితో చెన్నపట్టణమునుండి డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు ఆ విధముగ పోయినవారి సంఖ్య 1,52,184. అందు మూడింట రెండు వంతులకు దగ్గరగా చెన్నపట్టణమున ఓడ యెక్కినవారే. తమిళులతోపాటు గంజాము, విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారును వారిలో నుండిరి.

ఒడంబడిక అయిదేండ్లకు. మొదటి యేట నెలకు పది షిల్లింగుల కూలి. అయిదేండ్లు నిండిన పిదప కొందరు తిరిగి వచ్చిరి. పెక్కుమంది అచ్చటనే నిలిచి కూరగాయలు పండించుకొనుచు, చిల్లర వర్తకము చేసికొనుచు, రైలు పనులలోను గనులలోను చేరి బ్రదుకసాగిరి. పని యున్నంతకాలము కావలసివచ్చిన మనుష్యులు, పని ముగిసిన పిమ్మట ఆ దొరలకు భారమైరి. ఒడంబడిక తీరినను దేశమును విడువని భారతీయుడు ఏటికి మూడు పౌనుల పన్ను చెల్లింపవలెనని 1895లో శాసనము చేసిరి. మొదటి యేటి కూలి లెక్కను చూచినచో అది ఆరు నెలల సంపాదనమునకు సమానము. గాంధీగారు 1893 మొదలు 1914 వరకు ఆ దేశమున నిలిచి నడపిన పోరాటము చివర ఆ పన్ను రద్దయ్యెను. గాంధీగారు వచ్చివేసిన పిదప చిక్కులు మరల మొదలయ్యెను. భారతీయులను ఊరి వెలుపల వేరు పేటలలో నుంచవలెనని 1925లో నొక చిత్తు శాసనము వెలువడెను.

దానిని ఆపుటకై 1926 డిసెంబరులో కేప్‌టౌనున రెండు దొరతనముల ప్రతినిధులును సభ చేసిరి. 1927లో వెలువడిన ఒడంబడికలో మూడంశములు మనము గుర్తుంచుకొనదగినవి. మొదటిది, ఆ చిత్తు శాసనమును విరమించుకొనుట. రెండవది, తమంతట తాము భారతదేశమునకు పోదలచినవారికి దారి ఖర్చులును, పెద్దలకు తలకు 20 పౌనులు, పిల్లలకు 10 పౌనుల బహుమానమును ఇచ్చుట. మూడవది, పోక నిలిచినవారిని విద్యయందును జీవనస్థితియందును తక్కిన ప్రజలతో సమముగ పైకి తెచ్చుట. ఈ ఒడంబడిక నడచు తీరును కనిపెట్టుటకే భారత దొరతనపు ఏజెంటు అను నుద్యోగము పుట్టెను. మొట్టమొదటి ఏజెంటు శ్రీనివాసశాస్త్రిగారు. ఇంగ్లీషు మాటాడుటలో ఇంగ్లీషువారినే మెప్పించిన వక్త. ఆయన 1929 ఆరంభమున తిరిగి రాగా ఆ స్థానమునకు మన వెంకటరెడ్డి నాయుడుగారు నియమింపబడిరి.

నాయుడుగారు 1875లో ఏలూరిలో జన్మించిరి. నాడు ఏలూరు గోదావరి జిల్లాలోనిది. 1904లో కృష్ణా జిల్లాలో చేరి, 1925లో పశ్చిమ గోదావరి యేర్పడినపుడు దానికి ముఖ్యపట్టణ మయ్యెను. వృత్తిచే ఆయన న్యాయవాది. జస్టిసు పార్టీలో ప్రముఖుడై 1919లో ఆ పార్టీ పక్షమున లండనుకు పోయిరి. ఆ బృందమునకు పెద్దయైన టి. ఎం. నాయరుగారు అచ్చటనే మరణింపగా, పార్లమెంటు కమిటీ యెదుట తమ పక్షమును వినిపించు భారము నాయుడుగారు మున్నగువారిపై బడెను. 1920లో చెన్నపురి రాజధానిలో తొలి మంత్రివర్గ మేర్పడినపుడు ఆయన అభివృద్ధి శాఖ మంత్రియై 1923 వరకు పనిచేసిరి. 1928లో జెనీవాలోని నానాజాతి సమితికి భారత ప్రతినిధులలో నొకరుగ పోయిరి.

రాయబారమునే వృత్తిగా గొన్నవారికి నేడు భారత విదేశాంగ సేవ యను ప్రత్యేకమైన కొలువు కలదు. అది 1946లో ఏర్పడినది. నాయుడుగారి కాలమున అట్టిది లేదు. కచేరీలో వాదించుట, శాసనసభలో ఎదుటి పక్షమును సహించుట, జెనీవాలో నలుగురి నడుమ మెలగుట, ఇవియే ఆయనకు దొరకిన శిక్షణము. ఏజెంటు అను పదమునందే ఆ పదవి కొరత కానవచ్చును. స్వతంత్ర దేశము పంపిన రాయబారికి గల హోదా దానికి లేదు. దక్షిణాఫ్రికా మంత్రులకు ఇష్టమైన మాట వినవచ్చును, ఇష్టము లేనిచో ఇది మా ఇంటి వ్యవహారమని త్రోసివేయవచ్చును. తన దేశమునందే స్వపరిపాలనము లేని జాతి, పరదేశమున ఓటు హక్కును, భూమి హక్కును అడుగుట యెట్లు? ఈ ప్రశ్న ఏజెంటు నోట రాకున్నను, ఎదుట కూర్చున్నవారి మనస్సున ఎల్లప్పుడు మెదలుచునే యుండునని నా యూహ.

ఇంకొక చిక్కు గూడ కలదు. 1930లో ఇచ్చట ఉప్పు సత్యాగ్రహము సాగినది. సీతానగరపు ఆశ్రమము మన తీరమున ఆ యుద్యమమునకు కేంద్రమయ్యెను. ఏ దొరతనమును గోదావరి యువకులు ధిక్కరించి చెరసాలలకు పోవుచుండిరో, ఆ దొరతనము పక్షముననే గోదావరి బిడ్డయొకడు ఆఫ్రికాలో మాటాడుచుండెను. నాయుడుగారి రాజకీయము కాంగ్రెసువారికి సరిపడినది గాదు. దానిని నేను దాచను. కాని ఆయన చేసిన పనిని పార్టీ కొలతతో గాక, ఆ పని యెవరికొరకు జరిగినదో వారి మేలుకీళ్లతో కొలుచుట న్యాయమని నమ్మెదను.

ఆయన చేతిలోని పనులు ప్రధానముగ మూడు.

మొదటిది ట్రాన్స్‌వాలు భూముల తగవు. బంగారు గనుల ప్రాంతమైన ట్రాన్స్‌వాలులో 1885 నాటి శాసనము ననుసరించి భారతీయులు భూమిని సొంతముగ కొనరాదు. గనుల ప్రాంతముగ ప్రకటింపబడిన నేలలలో కాపురమును వర్తకమును సైతము తరువాతి శాసనములు నిషేధించెను. అయినను మనవారు తెల్లవారి పేర నిండ్లను కొని, కంపెనీల పేర స్థలములను పొంది, ఏండ్ల తరబడి అంగళ్లు నడపుచుండిరి. ఈ యంగళ్లలో పెక్కు గుజరాతీ వర్తకులవి. 1930లో ఆ వర్తకులను ఆ నేలలనుండి తొలగించి వేరు పేటలకు పంపుటకై దక్షిణాఫ్రికా పార్లమెంటులో చిత్తు శాసనము ప్రవేశపెట్టబడెను. దానికి బాధ్యుడైన మంత్రి డాక్టరు మలాను. మూడేండ్లకు పూర్వము కేప్‌టౌను ఒడంబడికలో దక్షిణాఫ్రికా పక్షమున ముఖ్యుడుగ నున్నవాడును ఆయనయే.

ఇక్కడ రాయబారి పని యేమో గమనింపుడు. శాసనమును కొట్టివేయించు శక్తి ఏజెంటుకు లేదు. కాలమును సంపాదించు దారి మాత్రము కలదు. ఒడంబడికలోని మాటలను జ్ఞాపకము చేయుట, శాసనము వలన నష్టపడువారి వివరములను కూర్చుట, భారత దొరతనమునకు ఎప్పటికప్పుడు వ్రాయుట, అచ్చటి మంత్రులకు మర్యాద చెడకుండ చెప్పవలసినది చెప్పుట, ఇది యాతని సాధనము. రెండు దొరతనముల నడుమ మాటలు సాగిన మీదట ఆ చిత్తు శాసనము వాయిదా పడెను. మరల సభ జరిగిన తరువాతనే దానిని చేపట్టుటకు నిశ్చయమయ్యెను. ఊరి తగవులు తీర్చిన పెద్దలు వాయిదా విలువ నెరుగుదురు. ఇల్లు కూల్చుటకు వచ్చినవాడు రెండేండ్లు ఆగినచో, ఆ రెండేండ్లును ఆ యింటివాడు బ్రదికినట్లే.

రెండవది తిరుగు ప్రయాణముల వ్యవహారము. ఇది అన్నిటికంటె కఠినమైనది. ఏలయన బహుమానమిచ్చి మనుష్యులను పంపివేయు నేర్పాటును భారత దొరతనము తానే యంగీకరించియుండెను. తన్ను పంపినవారు చేసిన ఒడంబడికను ఏజెంటు కాదనలేడు. అచ్చటి మనవారికో, అది తమను తరిమివేయు నుపాయముగ తోచుచుండెను. 20 పౌనులకు ఆశపడి చెన్నపట్టణపు రేవున దిగినవారి గతి నానాటికి తెలియవచ్చెను. పుట్టిన యూరిలో పొలము లేదు. కులము కట్టుబాట్లు దాటి పెండ్లిచేసికొన్నవారికి బంతిలో చోటు లేదు. అచ్చట పుట్టిన పిల్లలకు ఇచ్చటి యెండలు పడవు, ఇచ్చటి పని తెలియదు. మరల ఓడ దొరకునేమోయను నాశతో కలకత్తా చేరి మటియాబుర్జు మురికివాడలలో చిక్కినవారు అనేకులు. భవానీ దయాళు సన్యాసిగారును, బనారసీదాసు చతుర్వేదిగారును తిరిగి వచ్చినవారి స్థితిని విచారించి 1931లో ఒక నివేదికను ప్రకటించి ఈ ఏర్పాటును ఖండించిరి. మన పల్లెలలో సముద్రము దాటి వచ్చినవానిని వెలివేసినట్లు చూచుట యెంత క్రూరమో ఆ నివేదిక చదివినవారికి తెలియును. పరదేశపు దొరలనే నిందించి మన తప్పును మరచుట తగదు.

మూడవది చదువు. శాస్త్రిగారి కాలమున చందాలతో మొదలైన శాస్త్రి కళాశాలకు 1928లో డర్బనులో శంకుస్థాపనము జరిగెను. భారతీయ బాలురకు ఉన్నత పాఠశాల విద్యయు, ఉపాధ్యాయ శిక్షణమును ఇచ్చుటకు ఉద్దేశింపబడిన ఆ కళాశాల 1929 అక్టోబరులో తెరువబడెను. అప్పటికి ఏజెంటు నాయుడుగారు. ఒకరు నాటిన మొక్కకు నీరు పోయుట పేరు తెచ్చు పని గాదు. అయినను పాఠశాలలకు ధనసహాయము, ఉపాధ్యాయులకు శిక్షణము మున్నగు విషయములలో నేటాలు ప్రభుత్వము ఒడంబడికను జరుపుచున్నదా లేదా యని విడువక చూచుట ఏజెంటుకు నిత్యకృత్యమయ్యెను.

ఆ కాలముననే మనకు సంతోషము గూర్చు సంగతి యొకటి జరిగెను. నేటాలులోని తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. అప్పటికి తొలి ఓడ పోయి డెబ్బది యేండ్లు దాటెను. మూడవ తరము పిల్లలు ఇంటిలో తెలుగు మాటాడుట మానుచుండిరి. తమిళులు, హిందీవారు సంఖ్యలో పెద్దవారు, తెలుగువారు కొలదివారు. అట్టి స్థితిలో తమ భాషను, భజనలను, పండుగలను నిలుపుకొనవలెనని చెరకు తోటల కూలీల బిడ్డలు పూనుకొనిరి. ఆ నాడు భారతదేశపు పక్షమున ఆ గడ్డపై నిలిచిన యున్నతోద్యోగి తెలుగువాడే యగుట వారికెంత ధైర్యమిచ్చియుండునో మనమూహింపవచ్చును. ఆ సభ నేటికిని నిలిచియున్నది.

ఇక రెండవ సభ. 1932 జనవరి 12 వ తేదీన కేప్‌టౌనున అది ప్రారంభమై ఫిబ్రవరి 4 వరకు సాగెను. మన పక్షమునకు నాయకుడు సర్ ఫజ్లీ హుసేనుగారు. శ్రీనివాసశాస్త్రిగారు, సరోజినీ నాయుడుగారు, గిరిజాశంకర బాజ్‌పాయిగారు మున్నగువారు పోయిరి. ఏజెంటుగ మన వెంకటరెడ్డి నాయుడుగారును అందు సభ్యులు. సరోజినీదేవికిని మన రాజమహేంద్రవరమునకును ఒక సంబంధము కలదు. 1898లో చెన్నపట్టణమున ఆమెకు గోవిందరాజులు నాయుడుగారితో జరిగిన వివాహమును నడపినవారు కందుకూరి వీరేశలింగముగారు. ఎనిమిదేండ్లకు పూర్వమే ఆమె దక్షిణాఫ్రికాకు పోయి భారతీయుల మహాసభకు అధ్యక్షత వహించినది.

సభ ఫలితము తీపిచేదులు కలిసినది. ట్రాన్స్‌వాలు శాసనము కొన్ని సడలింపులతో 1932లోనే చట్టమయ్యెను. భారతీయుల స్వాధీనములో నున్న స్థలములను విచారించుటకు ఫీథాము కమిషను నియమింపబడెను. ఇది నష్టము. 1927 నాటి ఒడంబడిక చెడక నిలిచెను. ఇది లాభము. రెండు దొరతనములు కలిసి చేసిన ప్రకటనలో ఇంకొక మాట గలదు. ఆ దేశమునందలి భారతీయులలో నూటికి 80 మంది అచ్చటనే పుట్టినవారగుటచే, వారిని భారతదేశమునకు పంపు నేర్పాటు ఇక ఫలింపదని అందు ఒప్పుకొనిరి. వారిని మరియొక దేశమునకైనను పంపు దారి గలదేమో చూతమని దానికి తోక యొకటి తగిలించిరి గాని, ఆ యాలోచన కార్యరూపము దాల్చలేదు.

నా దృష్టిలో ఆ ఒక్క వాక్యమే ఆ రాయబారమునకు ఫలము. డెబ్బది యేండ్లుగా ఆ దొరతనము మనవారిని వచ్చిపోవు కూలీలుగనే చూచెను. ఈ మనుష్యులు ఈ నేలపై పుట్టినవారని మొదటిసారిగ వ్రాతమూలమున ఒప్పుకొనవలసివచ్చెను. చట్టము మారకున్నను కాగితముపై సత్యము నిలిచెను. బలము లేనివాని రాయబారమునకు దక్కునది తరచుగ ఇంతియే. అది కొంచెమని నేననను. దస్తావేజులో సరిహద్దు సరిగ వ్రాయబడిన పొలమునకు, తగవు మూడు తరములు సాగినను, ఒకనాటికి న్యాయము దొరకును.

1932లో నాయుడుగారు తిరిగి వచ్చిరి. చెన్నపురి గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యులై, 1936 జూను 18 మొదలు అక్టోబరు 1 వరకు తాత్కాలిక గవర్నరుగ నుండిరి. 1937 ఏప్రిలు 1 మొదలు జులై 14 వరకు చెన్నపురి రాజధానికి ప్రధానమంత్రిగ నుండిరి. ఎన్నికలలో గెలిచిన కాంగ్రెసువారు పదవి స్వీకరింపక ఆగినందున ఏర్పడిన ఆ ప్రభుత్వము, రాజాజీగారు పదవి చేపట్టుటతో ముగిసెను. 1940లో అణ్ణామలై విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. అచ్చటను ఆయనకు ముందున్నవారు శ్రీనివాసశాస్త్రిగారే యగుట వింత. ఒక మహావక్త విడిచిన పీఠము రెండుమారులు ఏలూరివారికి లభించెను. 1942లో నాయుడుగారు మరణించిరి.

ఆ తరువాతి చరిత్రము ఆయన చూడలేదు. 1946లో దక్షిణాఫ్రికావారు భారతీయులను భూములనుండి వెలివేయు మరియొక చట్టము చేయగా, భారతదేశము తన హైకమిషనరును వెనుకకు పిలిపించి, వర్తకము నాపి, క్రొత్తగా వెలసిన ఐక్యరాజ్య సమితియెదుట ఫిర్యాదు చేసెను. విజయలక్ష్మీ పండితుగారు నాయకత్వము వహించిన ప్రతినిధివర్గము 1946 డిసెంబరు 8 న తీర్మానమును గెలిచెను. ఒడంబడికలు జరుగలేదని లోకమునకు చూపుటకు మొదట ఆ ఒడంబడికలు కాగితముపై నుండవలెను గదా! 1948లో ఆ డాక్టరు మలానే ప్రధానమంత్రియై జాతుల వేర్పాటును రాజ్యధర్మముగ స్థాపించెను. అది కూలుటకు మరి నలువదియైదేండ్లకు పైగా పట్టెను. 1993లో రెండు దేశముల నడుమ దౌత్య సంబంధములు తిరిగి యేర్పడినవి. 1994లో అచ్చటి ప్రజలందరును, మన కూలీల మునిమనుమలతో సహా, సమానముగ ఓటు వేసిరి.

పెద్దలారా, నేడు మన డెల్టానుండి కువైటునకు, మస్కటునకు, దుబాయికి పోవు స్త్రీపురుషులు కొల్లలు. వారి వెనుక నేడు స్వతంత్ర దేశమున్నది. ఆయా దేశములలో మన రాయబార కార్యాలయములున్నవి. నాయుడుగారికి లేని బలము నేటి రాయబారికి కలదు. అయినను రాయబారి తనకు తెలియని కష్టమును తీర్చలేడు. మీ యూరినుండి పోవు బిడ్డ ఏ దేశమునకు, ఎవరి కొలువునకు, ఏ షరతులపై పోవుచున్నదో కాగితములు చదివించి, వాని నకళ్లను ఇంటియందుంచుడు. అచ్చటి మన కార్యాలయపు చిరునామాను వ్రాసి యిండు. తిరిగి వచ్చినవారిని ఆదరముతో బంతిలో కూర్చుండబెట్టుడు. 1860లో ఒడంబడికపై ఓడ యెక్కిన మన పూర్వులకు ఈ మాట చెప్పువారు లేకపోయిరి.